తేల్చని కుప్ప

టంగుటూరు గ్రేడింగ్ షెడ్డులో పదకొండేళ్లు.
ఆకు చేతికి రాగానే
కళ్లకన్నా ముందు బొటనవేలే చెప్పేస్తుంది:
ఇది బ్రైటు, ఇది మీడియం, ఇది తుక్కు.
పైవైపు పసుపు చూసి మోసపోయేది కొత్తవాళ్లు.
నేను తిరగేసి ఈనె పక్కన చూస్తాను.

ముందు నా బుగ్గలే రంగు మారాయి,
ముక్కుకి అటూ ఇటూ, ఎర్రగా.
"పొగాకు వేడే, మజ్జిగ తాగు" అంది చంద్రకాంతం.
తర్వాత కీళ్లు.
తర్వాత చెప్పుల్లో పట్టని పాదాలు.
"కనిగిరి నీళ్లు తాగి పెరిగావు గదా" అన్నాడు మేస్త్రి.
తప్పు నీళ్లది కాదు.
నా కావలివాళ్లే
నా తలుపు పగలగొడుతున్నారు.
లూపస్ అని రాసింది నెల్లూరు డాక్టరమ్మ.
పలకడానికి, పిల్లికి పెట్టుకునే పేరులా ఉంది.

వీపులో సూది దించి
కిడ్నీలోంచి పీచంత ముక్క తీశారు.
అగ్గిపుల్ల పొడుగైనా లేదు.
దాన్ని ఎక్కడో ఎవరో దీపం మీద పెట్టి
నిదానించి చూసి ఉంటారు నాలాగే.
ఆ మనిషి పేరు నాకు తెలియదు.
పొద్దుగూకేసరికి మెడ పట్టేస్తుందని మాత్రం తెలుసు.

కాగితం వచ్చింది. నాలుగో తరగతి.

అంకె పెరిగేకొద్దీ ధర పడిపోవడం
నాకు కొత్త కాదు.
"మొత్తం ఎన్నమ్మా?"
"ఆరు."
"ఆరంటే?"
"మాడిపోయినట్టు. ఇక మేం చేయగలిగేది తక్కువ."
అడుగున రెండు వరుసల మీద వేలు పెట్టింది.
"ఇది మంట, బాగా ఉంది.
ఇది మచ్చ, కొంచెమే ఉంది.
మంటని ఆర్పొచ్చు, మచ్చని చెరపలేం.
అందుకే తొందర."

నాన్న బ్యారన్ కాసిన రాత్రులు గుర్తొచ్చాయి.
గంటగంటకీ లేచి, టార్చి వేసి
గాజుపలక అవతలి థర్మామీటరు చూసేవాడు.
రెండు డిగ్రీలు ఎక్కితే పొయ్యిలోంచి కట్టెలు లాగేవాడు.
లోపల ఆకు ఏమవుతుందో ఆయనకీ కనపడదు,
అంకె కనపడేది, అంతే.
నిద్ర మాత్రం ఆకుది కాదు, ఆయనది పోయేది.

పొద్దున్నే బీపీ.
నురగ ఎంతసేపు నిలిచిందో ఒక చూపు.
నెలకోసారి క్రియాటినిన్, సీ త్రీ, సీ ఫోరు;
చీటీ వెనక నేను గీసుకున్న గీతలు.
ఒక నెల, ఇరవైనాలుగు గంటల మూత్రం పట్టి తెమ్మన్నారు.
ఐదు లీటర్ల క్యాను వైరుబుట్టలో పెట్టుకుని
తెల్లవారి ప్యాసింజరెక్కాను.
ఉలవపాడులో మామిడికాయల గంపతో ఒకావిడ ఎక్కింది.
"ఏందిమే, నువ్వుల నూనా? కిలో ఎంత?"
"అమ్మేది కాదు పెద్దమ్మా."
"మరేంది?"
"ఒక పగలూ, ఒక రాత్రీ" అన్నాను.
ఏమర్థమైందో, "అయితే ఒలికేను, జాగర్త" అని
తన గంప జరిపి నా క్యానుకి ఆనించింది, నెల్లూరు దాకా.
కావలి వరకూ నవ్వాపుకున్నాను.
కావలి దాటాక ఏడుపు.

పోయినసారి మూడున్నర గ్రాములు పోయిన ప్రోటీను
ఈసారి ఒకటీ పాయింటు రెండు.
"బాగైనట్టేనా?"
"దారిలో ఉంది. అర గ్రాము దగ్గరికి దిగాలి.
దిగినా నువ్వు వస్తూనే ఉండాలి."

మాత్రలకి మొహం గుండ్రమైంది.
షెడ్డు గుమ్మం దాకా గొడుగు.
"కలెక్టరమ్మ వచ్చింది" అంటారు, అననీ.
ఇవాళ ఎస్తేరు, చేరి వారం కాలేదు,
ఒక ఆకు ఎత్తి చూపించింది:
ఒక సగం నిమ్మపండు, ఒక సగం పచ్చి.
"ఇదే గ్రేడక్కా?"
"పక్కన పెట్టు. తేమ దిగలేదు. రేపు మళ్లీ చూద్దాం."
"ఏ కుప్పలో?"
"తేల్చని కుప్పలో."
"అది మంచిదా, చెడ్డదా?"

బొటనవేలు చీర కుచ్చెళ్లకి తుడుచుకుని
ఇంకో ఆకు ఇమ్మన్నాను.